మూడు గోటిగీతలు

చీపురు చేతిలో పట్టుకుని కరుణాకర్ పగిలిన కుండ పెంకుల ముందు గొంతుకూర్చున్నాడు. అటక మీది సూట్‌కేసు దింపబోతే మోచెయ్యి తగిలింది. సారెగూడెంలో కూలిన ఇంటి మూలలో భార్య పద్మశ్రీకి దొరికిన, పగలని ఒకే ఒక్క కుండ అది.

ఫోను మోగింది.

"సెమినార్ మొదలైతున్నది. కుండ జాగ్రత్తగ తెస్తున్నవ్ కదా?" అంది పద్మశ్రీ, క్యాంపస్ నుంచి.

"వస్తున్న" అన్నాడు, ఆమె చూస్తున్నట్టే పెంకులు వెనక్కి దాస్తూ.

పెళ్లై రెండు నెలలు. తార్నాకలోని ఆ చిన్న వాటాలో అన్నాల దగ్గర రోజూ సారెగూడెం కథే. చెరువు మట్టి ఇటుక బట్టీలకు పోయాక కుమ్మరులు తలో దిక్కూ వెళ్లిపోయారని, ఊరు ఖాళీ అయ్యి ముప్పై ఏళ్లు దాటిందని, వాళ్లలా కుండ మెడ కింద మూడు గోటిగీతలు పెట్టే చేతులు ఇక లోకంలో లేవని ఆమె చెప్పేది. అతను వినేవాడు. ఎక్కువగా ఆమె గాజుల చప్పుడే వినేవాడు. పగలని కుండ ఒక్కటైనా చూపకపోతే థీసిస్ ఒప్పుకోనని గైడు రఘువీర్ సార్ అన్న రోజు మాత్రం ఆమె అన్నం ముట్టలేదు. అది బాగా గుర్తుంది.

అటక మీద పాతచీరలో చుట్టి తమ పెళ్లినాటి ఐరేని కుండలున్నాయి. పెద్దమ్మ డప్పులతో మౌలాలి పోయి, ఒక కుమ్మరి ముసలమ్మతో కొత్తగా చేయించి తెచ్చినవి. మందంగా సున్నం, పైన ఎర్రటి జాజు చుక్కలు. ఒకటి సరిగ్గా అదే సైజు. దించి, సున్నమంతా పోయేదాకా పీచుతో తోమాడు. పాత పేపర్లు కాల్చి మసి పట్టించాడు. అచ్చం ఆ పాత కుండలా కనిపించేదాకా వదల్లేదు. ఆటోలో దాన్ని పసిపిల్లలా ఒళ్లో పెట్టుకున్నాడు.

రఘువీర్ సార్ కుండను కిటికీ దగ్గరికి తీసుకెళ్లారు. మెడ చుట్టూ వేలితో నిమురుతూ ఒకచోట ఆగారు. తలుపు దగ్గర కరుణాకర్ ఆ వేలినే చూస్తున్నాడు.

"మూడు గీతలూ ఉన్నయ్. అనుమానమే లేదమ్మా, సారెగూడెందే. థీసిస్ ఇచ్చెయ్."

క్యాంటీన్‌లో పద్మశ్రీ ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచి, విరిగిపోకముందే అతని నోటికి అందించింది. అతను దాన్ని కొరకకుండా సాసర్‌లో పెట్టేశాడు. అంతా చెప్పేశాడు.

ఆమె లేచి నిలబడింది. ఇప్పుడే సార్‌కు చెప్పాలని, ఇన్నేళ్ల పని మట్టిపాలైందని అంటూ బ్యాగు భుజాన వేసుకుంది. కొంచెం దూరం వెళ్లి వెనక్కి తిరిగింది.

"సార్ కూడా కనుక్కోలేనంత బాగ ఆ గీతలు ఎట్ల గీసినవ్?"

కరుణాకర్ అయోమయంగా చూశాడు.

"నేనేడ గీసిన, పద్మా? మౌలాలి ముసలమ్మ కుండకు అవి సున్నం కిందనే ఉండె."