పసిదాని నెయిల్ కట్టర్

"పెట్టె విప్పెయ్యక్కా! నేను పోవట్లేదు!"

ఫోను ఇంకా చేతిలోనే ఉంది. తూనీగ మంచమ్మీద గెంతుతోంది.

ఆ పేరు పెట్టింది గదిలో తోడుండే అక్కే. పిల్ల ఒక్కచోట నిలవదని.

"ముందు దిగవే తల్లీ, మంచం ఇంటివాళ్లది. ఏమైందో చెప్పు."

"వర్క్‌షాపులో ఖాళీ వచ్చిందట! సాయంత్రం లోపు వచ్చి సంతకం పెడితే వీసాకి మళ్లీ పంపిస్తారట!"

తూనీగ ఈ పరాయి దేశంలో పెట్టుడు పళ్లు తయారుచేసే చదువు చదివింది. "మొదటి సెట్టు నాకేనే" అని నాన్నమ్మ బోసినోటితో నవ్వుతూ పంపింది. చదువు అయింది. ఫోన్లోనే ఇంటర్వ్యూ జరిగి ఉద్యోగమూ దొరికింది. వీసా దగ్గరే బండి మొరాయించింది. ఆ వర్క్‌షాపులో బయటి దేశాలవాళ్లు ఇంతమందే ఉండాలని లెక్క. ఆ లెక్క నిండిపోయిందని కాదు పొమ్మన్నారు. ఉండటానికిచ్చిన గడువు ఇవాళ్టితో సరి. రాత్రికే విమానం.

అలాంటిది ఇవాళ ఈ ఫోను!

సగం జడ గదిలో, సగం జడ బస్సులో అల్లుకుని, తూనీగ ఆ భవనం ముందు దిగింది. కింద మందుల షాపు, మధ్యలో పిల్లల డాక్టరు, పైన వర్క్‌షాపు. లిఫ్టు పనిచేయడం లేదు.

పనిచేసినా ఆ పిల్ల ఆగేది కాదు. మెట్లు రెండేసి ఎక్కేస్తూ, మలుపులో ఎవరినో గుద్దేసింది.

"అమ్మో!"

"తెలుగమ్మాయివా? కాస్త చూసుకోవద్దూ, పసిదానికి తగిలేది!"

భుజాన చంటిబిడ్డ, చేతిలో సంచీ. సంచీలోంచి పాలసీసా దొర్లుకుంటూ పోయింది.

"సారీ అక్కా! ఇవాళ నా కాళ్లు నేలమీద లేవు!" తూనీగ సీసా తెచ్చి ఇచ్చింది. "డాక్టరు దగ్గరికొచ్చారా?"

"నువ్వెక్కడికి, ఇంత ఊపులో?"

"పైకి! పళ్ల వర్క్‌షాపులో ఉద్యోగం!"

ఆమె చూపు తూనీగ చేతుల మీద పడింది. పొడుగు గోళ్లు. వీసా రాలేదని ఏడుస్తుంటే ఊరడించడానికి గది అక్క వేసిన ఎర్రరంగు.

"ఈ గోళ్లతోనా?"

"ఏం, బాలేవా?"

"పేరంటానికైతే బ్రహ్మాండం. సంతకానికి ముందు అక్కడ మైనంతో ఒక పన్ను చెక్కిస్తారు. గోళ్లుంటే బల్ల దగ్గరికే రానివ్వరు. కత్తిరించుకుని రేపు రమ్మంటారు."

"రేపా? ఇవాళ తప్పితే నా పని గోవిందా!"

"కూర్చో."

ఆమె బిడ్డను తూనీగ ఒళ్లో పెట్టి, సంచీలోంచి వేలెడంత నెయిల్ కట్టర్ తీసింది.

"ఇంత బుల్లిదాంతోనా అక్కా?"

"అది నీ ఒళ్లో ఉన్నదానిది. దానికైతే నిద్రపోయేటప్పుడు తీస్తాను. నువ్వు మేలుకునే ఉన్నావు గనక నోరు మూసుకుని కూర్చో."

టిక్, టిక్ మని ఎర్రటి ముక్కలు మెట్లమీద రాలుతున్నాయి. తూనీగ నోరు మాత్రం మూతపడలేదు.

"ఈ రూలు మీకెలా తెలుసు?"

"తెలిసినవాళ్లు అక్కడ పనిచేశార్లే."

"మీకో సంగతి చెప్పనా? ఎవరో మానేశారట, ఆ చోటే నాకిస్తున్నారు. చేతకాక మానేసుంటుంది. లేకపోతే ఇలాంటి ఉద్యోగం కాలదన్నుకునే బుద్ధితక్కువ మనిషి ఎవరుంటారు చెప్పండి!"

టిక్ టిక్ ఒక్క క్షణం ఆగింది.

"ఉంటారేమోలే. వేలు కదపకు, తెగుతుంది."

ఇంతలో పసిది తూనీగ జడ అందుకుని నోట్లో పెట్టుకుంది. ఇద్దరూ నవ్వారు.

"అయింది. ఇక పరుగెత్తు. దారిలో ఇంకెవర్నీ గుద్దకు."

తూనీగ బిడ్డను అందించి మెట్లెక్కేసింది. థాంక్స్ చెప్పాలన్న ధ్యాసే లేదు.

పైన తల నెరిసిన సూపర్‌వైజరమ్మ పేరైనా అడగలేదు.

"చేతులు."

అటూ ఇటూ తిప్పి చూసి, బల్ల చూపించింది.

నిలకడలేని పిల్ల అక్కడ ఊపిరి బిగబట్టి కూర్చుంది. కాసేపటికి మైనపు పన్ను తయారైంది. సూపర్‌వైజరమ్మ దాన్ని వెలుతురుకేసి పట్టుకుని చూసింది.

"పరవాలేదు. సంతకం పెట్టు."

పరవాలేదట! తూనీగకు నాన్నమ్మ బోసినోరు కళ్లముందు ఆడింది. సంతకం గీత దాటి పోయింది.

అప్పుడు గుర్తొచ్చింది అడగాలని.

"మానేసినావిడకి పని కష్టమైందా మేడమ్?"

"ఆమెకా? మా అందరిలోకీ మంచి చెయ్యి ఆమెది. ఇన్నాళ్లూ కాన్పు సెలవులో ఉంది. వచ్చే నెల మళ్లీ చేరాల్సింది."

"మరెందుకు మానేశారు?"

"నిన్న యోగక్షేమాలకని ఫోన్ చేస్తే మాటల్లో నీ సంగతి చెప్పాను. చదువైన పిల్ల, వీసా రాక వెళ్లిపోతోంది పాపం అని. పొద్దున్నే వచ్చి తన పేరు తీసెయ్యమంది. ఎంత చెప్పినా వినలేదు. 'నాకు ఇంటికెళ్తే మా అమ్మ ఉంది, ఇంకోసారి వచ్చే ధైర్యం ఉంది. ఆ పిల్లకి ఇవాళ తప్పితే రోజు లేదు' అంది."

తూనీగ లేచి నిలబడింది.

"నేను మొహం కూడా చూడని మనిషి! ఇప్పుడే వెళ్లి కాళ్లకు దండం పెడతాను. ఎక్కడుంటారు మేడమ్?"

"ఊరెళ్లిపోతోందిగా. కాగితాల పని ముగించుకుని ఇందాకే దిగి వెళ్లింది, బస్సు దొరికిందో లేదో," అంటూ సూపర్‌వైజరమ్మ కిటికీ రెక్క తీసి కిందికి చూసింది. "అదిగో, ఆమే."

తూనీగ ఒక్క ఉదుటున కిటికీ దగ్గరకు వెళ్లి చూసేసరికి, కదలబోతున్న బస్సులోకి, పసిదాన్ని భుజాన వేసుకుని, మెట్లమీది అక్క ఎక్కుతోంది.