నిలవని తోడేలు

బెయిలు మీద ఊరికొచ్చిన గొర్లకాపరి బీరన్న మెడలో పెద్దమనుషులు దండ వేశారు. కొడుకును ఆటోతో గుద్ది చంపాడని ఆ డ్రైవర్‌ను ఊరివాళ్లతో కలిసి రోడ్డు మీదే కొట్టి చంపిన తండ్రి మరి! ఇదే అసలు న్యాయమనీ, ఇంక కోర్టులెందుకనీ చప్పట్లు కూడా కొట్టారు.

చచ్చిన డ్రైవర్ తల్లి యాదలక్ష్మి అప్పుడే రామన్నపేట నుంచి వచ్చి ఎదురుగా నిలబడింది.

“గొర్లు కాసెటోనివి గద, చెప్పు తమ్మీ. గొర్రెను పట్టిన తోడేలు ఆడనే నిలవడ్తదా?”

“నిలవడదక్కా. ఉరుకుతది.”

“మరి నా కొడుకు నిలవడ్డడు గద! గుద్దినోడు ఎటో ఉరికిండు. నావోడు నీ పిలగాన్ని ఆటోల పండవెట్టి దవాఖానకు తీస్కపోతుంటే, అంగికి నెత్తురు చూసి గుంజి సంపితిరి.”

“సాక్ష్యమేదమ్మా?” అన్నారు పెద్దమనుషులు. వాళ్లకు ఇప్పుడు చట్టం గుర్తొచ్చింది.

బీరన్న దండ తీసి కింద పెట్టాడు.

“నేనే సాక్ష్యం. నీ కొడుకు పడంగనే వీళ్లంత ఉరికిన్రు. అప్పుడు ఆటోల చూసిన. నా పోరనికి ఇంక పానముండె అక్కా. దవాఖానకు ఉరికిద్దామంటే, ఆటో తోలెటోడు లేకపాయె.”