వాషింగ్ మెషీన్ కొనని పెద్దాయన

ఫారం మీద పెద్దాయన వేలు ఒకచోట ఆగింది.

“నా జీతం పద్దెనిమిది వేలన్నాను కదమ్మా. నలభై అని రాశావేం?”

కౌంటర్లో అమ్మాయి నవ్వింది.

“అలా రాస్తేనే వాయిదాల మీద వాషింగ్ మెషీన్ ఇస్తారు బాబాయ్ గారూ. పద్దెనిమిదికి దాని పైపు కూడా రాదు.”

వెనక వరసలో నిలబడ్డవాళ్లు కూడా నవ్వారు. హాల్లో టీవీ ఉన్నవాళ్లు వంటింటికి ఇంకోటి కొంటున్న రోజులవి. జేబులో చిల్లిగవ్వ లేకపోయినా సంతకం వస్తే చాలు.

“మరి అప్పిచ్చే కంపెనీవాళ్లు చూసుకోరా?”

“వాళ్లే ఇలా రాయమంటారు. మా ఫ్లాట్ లోనుకు నేనూ ఇలాగే రాశాను.”

“ఎంత రాశావు?”

“వచ్చేదానికి మూడింతలు.” ఆ మాట గొప్పగానే చెప్పింది. “రేపే అగ్రిమెంటు. మా పాపకి వేరే గది వస్తుంది.”

“పాప ఏం చదువుతోంది?”

“రెండో క్లాసు.”

పెద్దాయన గొంతు తగ్గించాడు.

“రేపు సంతకం చెయ్యకమ్మా. వాయిదా కట్టాల్సింది రాసిన జీతంలోంచి కాదు, వచ్చే జీతంలోంచి.”

ఆమెకు ఒళ్లు మండింది. వాషింగ్ మెషీన్‌కే గతిలేని మనిషి తనకు బుద్ధులు చెప్పడమేమిటి?

“మీరు కొంటారా, కొనరా?”

“నా సంగతి వదిలెయ్. నువ్వు ఇంకో రెండేళ్లు ఆగితే...”

“సార్, ఒకసారి ఇటు రండి,” అని ఆమె మేనేజర్ని పిలిచింది.

“బేరం చెడగొట్టకండి పెద్దాయనా,” అంటూ మేనేజరు ఆయన్ని రెక్క పట్టుకుని బయటికి నడిపించాడు. గుమ్మం దగ్గర ఆయన ఒకసారి వెనక్కి తిరిగాడు. ఆమె అప్పటికే తర్వాతి వాళ్ల ఫారం తీసింది.

ఏడాది తిరగకుండానే మార్కెట్ కుప్పకూలింది. ముందు గిరాకీ పోయింది. తర్వాత షాపు మూతపడింది. వాయిదాలు వరసగా ఆరు తప్పాయి. ఒకరోజు స్కూలు నుంచి పాపను తీసుకొచ్చేసరికి ఫ్లాటుకు అప్పిచ్చిన కంపెనీ తాళం వేసి ఉంది. పాప పుస్తకాలు లోపలే ఉండిపోయాయి.

మర్నాడు కంపెనీ ఆఫీసుకు వెళ్లి గుమాస్తా కాళ్లావేళ్లా పడింది. ఆయన చేతుల్లో ఏమీ లేదని తెలిశాక ఏడుపు ఆగలేదు.

“అసలు ఇంత అప్పు నాకెలా ఇచ్చారండీ? నా ఫారం ఒక్కళ్లయినా చూడలేదా?”

గుమాస్తాకు జాలేసింది. బీరువాలోంచి ఆమె ఫైలు తీశాడు.

“చూశారమ్మా. ఫారాలు తనిఖీ చేసే ఆఫీసరు ఒకాయన ఉండేవారు. ఇదిగో, ఆయన రాసింది.”

ఫారం అంచున ఎర్ర సిరాతో నాలుగు ముక్కలున్నాయి.

‘జీతం అబద్ధం. కొనేవాడిలా షాపుకు వెళ్లి మాట్లాడాను. చెప్పి చూశాను, వినలేదు. చిన్నపిల్ల ఉంది, వీధిన పడతారు. ఈ అప్పు ఇవ్వొద్దు.’

సిగ్గుతో ఆమె తల ఎత్తలేకపోయింది. గుమ్మం దగ్గర ఆయన వెనక్కి తిరిగి చూసింది తన కోసమేనని ఇప్పుడు తెలిసింది.

“ఆయన ఏ గదిలో ఉంటారు? ఒక్కసారి కలిసి వెళ్తాను.”

“ఇక్కడ లేరమ్మా. మీ షాపుకు వచ్చిన రోజు సాయంత్రమే మా పెద్ద మేనేజరు మీ ఫారం మీద సంతకం పెట్టమని మూడుసార్లు అడిగాడు,” అన్నాడు గుమాస్తా ఫైలు మూస్తూ. “పెట్టనన్నందుకు మర్నాడు పొద్దున్నే ఉద్యోగంలోంచి తీసేశారు.”