రెండో పొట్లం

"మళ్ళీ పాజిటివే!" నర్సు రిపోర్టును బల్లమీద ఠపీమని కొట్టింది. "ఏడు నెలల్లో ఇది మూడోసారి. నీ మొగుడు మాత్రలు మింగడం లేదు. ఇంకేం లేదు, ఇదే!"

ఎదురుగా కూర్చున్న టైలరమ్మాయి తలెత్తలేదు. "మింగారక్కా. రెండుసార్లూ నా ఎదురుగానే మింగారు. పూటకొకటి, వారం రోజులు. నేనే చేతిలో పెట్టాను."

"మరి ఆకాశంలోంచి ఊడిపడిందా?"

క్లమీడియా ఆకాశంలోంచి ఊడిపడదు. మనిషి నుంచి మనిషికి పడకలో అంటుకుంటుంది. మంచి మందుంది, వారంలో పోతుంది. పోయాక మళ్ళీ వచ్చిందంటే మళ్ళీ ఎవరో అంటించారన్నమాటే. అందుకే ఆ క్లినిక్‌లో ఒక పద్ధతి పెట్టారు. భార్యకు ఒక పొట్లం ఇచ్చి, భర్తకు ఇంకొకటి ఆమె చేతికే ఇచ్చి పంపుతారు. ఆ రెండో పొట్లం మీద పేరు రాయరు, అడగరు కూడా. అడిగితే ఆ మగమహారాజులకు పరువు పోతుందట! జబ్బు అంటించినప్పుడు పోని పరువు పేరు రాస్తే పోతుందా?

నర్సు రిపోర్టు పట్టుకుని పక్కగదిలోకి వెళ్ళింది. డాక్టరు చూసి పెదవి విరిచాడు.

"భర్త మందు వేసుకున్నాడంటోంది కదా. అయితే ఆ అమ్మాయినే కాస్త గట్టిగా అడుగు. నిప్పు లేనిదే పొగ రాదు."

నర్సుకు ఒళ్ళు మండిపోయింది.

"అడగాల్సింది ఆ పిల్లనా సార్? ఆయనగారు ఒక్కసారైనా ఈ గుమ్మం తొక్కితేగా అడగడానికి! మన రిజిస్టరు చూడండి. ఈ ఏడాది పాజిటివ్ వచ్చిన ఆడవాళ్ళు నూట పన్నెండు, మగవాళ్ళు తొమ్మిది. అది చూసి పైవాళ్ళు 'ఈ జబ్బు ఆడవాళ్ళలోనే ఎక్కువ' అని రాసేస్తారు. ఎక్కువ కాక ఏమవుతుంది? పరీక్షకొచ్చేది వాళ్ళే! రానివాడి లెక్క ఎవరు రాశారు?"

"పెళ్ళికూతురికి కోపం ఎక్కువైందే," డాక్టరు నవ్వాడు. "వచ్చే నెల పెళ్ళి పెట్టుకుని మగజాతి మీద ఇంత పగేమిటమ్మా? పాపం ఆ పెళ్ళికొడుకు!"

"ఇప్పుడు నా పెళ్ళి గొడవెందుకు సార్?" అని విసురుగా బయటికొచ్చేసింది. ముప్పై తొమ్మిదేళ్ళకు కుదిరిన సంబంధం. దాని మీద ఎవరు వేళాకోళమాడినా ఆమెకు చిరాకే.

టైలరమ్మాయి ఒళ్ళో స్కాన్ కాగితం పెట్టుకుని చూస్తోంది. ఎన్నిసార్లు చూసినా అందులో రాసింది మారదు. గర్భసంచి పక్కనుండే రెండు ట్యూబుల్లో ఒకటి అప్పుడే మూసుకుపోయింది. ఈ జబ్బు ఇలాగే తిరగబెడుతూ ఉంటే రెండోదీ మూసుకుపోవచ్చు. అప్పుడిక పిల్లల ఆశ వదులుకోవాల్సిందే. పాతికేళ్ళ పిల్ల! చేసిందెవరు, అనుభవిస్తున్నదెవరు? అత్తగారు అప్పుడే గొడ్రాలని మొదలెట్టిందట.

ఈ అమ్మాయంటే నర్సుకు మొదటినుంచీ ఏదో అభిమానం. వాళ్ళ పేటలోనే ఇలాంటి క్లినిక్ ఉంది. అయినా రెండు బస్సులు మారి ఇక్కడికే వస్తుంది. ఎందుకే అంటే, "ఇక్కడ మీరున్నారు కదక్కా" అంటుంది. చెప్పింది శ్రద్ధగా వింటుంది, తోచింది అమాయకంగా అడిగేస్తుంది. పోయినసారి జబ్బు గురించి అంతా విడమరచి చెప్పాక, "మీరెప్పుడైనా చేయించుకున్నారా అక్కా ఈ పరీక్ష?" అంది.

"నేనా? నాకెందుకే? గుండ్రాయిలా ఉన్నాను!"

"నేనూ అలాగే ఉండేదాన్నక్కా," అని నవ్వింది పిచ్చిపిల్ల.

నర్సు కుర్చీ దగ్గరికి లాక్కుని గొంతు తగ్గించింది. "చూడమ్మా, చెప్పడానికి నాకే నోరు రావడంలేదు. మీ ఆయనకు ఇంకొకరున్నారు. ఆవిడ కూడా మందు వేసుకోకపోతే ఇది వదలదు. ఆవిడ నుంచి ఆయనకు, ఆయన నుంచి నీకు, ఇలా తిరుగుతూనే ఉంటుంది."

"తెలుసక్కా."

"తెలుసా! తెలిసీ నోరు మూసుకుని కూర్చున్నావా?"

"ముందు ఆవిడ జుట్టు పట్టుకుందామనే బయల్దేరాను. మాట్లాడాక మనసొప్పలేదు. ఆయనకు పెళ్ళయిందనే తెలీదు పాపం ఆవిడకి. మంచిదక్కా."

"మంచిదా!" నర్సు గొంతు మళ్ళీ పైకి లేచింది. "నోట్లో వేలు పెట్టినా కొరకలేవు కదే తల్లీ! పెళ్ళయినవాడో కాదో కనుక్కోకుండా తగులుకునేది మంచిదెలా అవుతుంది? కళ్ళు నెత్తికెక్కి ఉంటాయి. ఒక్కసారి దాన్ని నా ముందు నిలబెట్టు, దుమ్ము దులిపేస్తాను."

అమ్మాయి స్కాన్ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

"ఈసారి మూడు పొట్లాలివ్వండక్కా."

"అంటే దానికి మందు కూడా నువ్వే ఇస్తావా? నీలాంటివాళ్ళుండబట్టే కదా వీళ్ళ ఆటలు సాగేది!" నర్సు తిట్టుకుంటూనే అలమర తెరిచింది. మూడు పొట్లాలు బల్లమీద పెట్టింది. "సరే, ఇచ్చి తగలెయ్. ఈరోజే ఇవ్వు, రేపనకు. పరీక్ష కూడా చేయించుకోమను. ఒంట్లో ఏ బాధా లేదని ధీమాగా కూర్చుంటుందేమో, అలాంటివాళ్ళే ఎక్కువ. గట్టిగా చెప్పు!"

"చెబుతానక్కా."

అమ్మాయి రెండు పొట్లాలు సంచిలో వేసుకుని లేచింది. మూడోదాన్ని మెల్లగా నర్సు వైపు జరిపింది.

"ఇది మీకక్కా."