కదలని బీమ్

“చెయ్యి తిరుపతమ్మా, ఫోన్ చెయ్యి. నువ్వు చేస్తేనే ఎత్తుతాడు నీ కొడుకు,” అన్నాడు ధనుంజయరావు.

చాలా మెత్తగా అన్నాడు. ఆయన మెత్తగా మాట్లాడిన రోజున ఊళ్ళో వాళ్ళు పిల్లల్ని లోపలికి పిలుచుకుని తలుపులు వేసుకుంటారు.

మాచవరం అవతల ఆయన మిరప చేను. చేను చివర సెల్ టవర్, దాని కింద చిన్న గది. స్థలం ఆయనది కాబట్టి గేటు తాళం కూడా ఆయన దగ్గరే ఉంటుంది. టవర్ పని మీద వచ్చిన ఇంజనీరు ఉపేంద్రను పొద్దున్నే ఆ గదిలో కూర్చోబెట్టి, బయట ఇద్దర్ని కాపలా పెట్టాడు. పాపం, ఉపేంద్ర కాదనడానికి ఏముంది?

పంచాయతీ గొడవల్లో అదే ఊరి బ్రహ్మయ్యను ధనుంజయరావు మనుషులు నరికి చంపారు. కళ్ళారా చూసినవాడు తిరుపతమ్మ కొడుకు తేజ ఒక్కడే. గురజాల కోర్టులో సాక్ష్యం ఈరోజే. తేజ ఎక్కడ దాక్కున్నాడో ఎవరికీ తెలియదు. కోర్టు గేటు దగ్గర మనుషుల్ని పెట్టినా ధనుంజయరావుకు నిమ్మళం లేదు. అందుకే తల్లిని పిలిపించాడు.

పిలిపించడం కూడా తేలికగానే అయింది. మిరపకాయలకు తొడిమలు తీసి తీసి ఆమె చేతులు ఎప్పుడూ మండుతుంటాయి. ఫోన్ ముట్టుకునే పని లేకుండా, మోగితే దానంతటదే ఎత్తుకునేలా పెట్టిచ్చాడు కొడుకు. ధనుంజయరావు ఫోన్ చేసి “రా” అన్నాడు. ఆమె వచ్చింది.

“వాణ్ణి ఏమీ చెయ్యను చెల్లెమ్మా. రాజీ మాట్లాడతా, అంతే.”

“ఒట్టు వెయ్యి అన్నా.”

వేశాడు. తిరుపతమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఉపేంద్రకు ఆమెను చూస్తే జాలి, కోపం రెండూ కలిగాయి.

“ఏందయ్యా, ఎట్టా తెలుసుద్ది వాడెక్కడుండాడో?” అన్నాడు ధనుంజయరావు ఇటు తిరిగి.

“ఊరికే పడున్న ఫోన్ దిక్కు మనకి కనపడదండీ. మాట్లాడుతుంటే మాత్రం అటునుంచి సిగ్నల్ వస్తూ ఉంటుంది. ఏ వైపు నుంచి బాగా వస్తుందో చూసుకుని టవర్ తన బీమ్‌ని అటు తిప్పుతుంది, టార్చిలైటు వేసినట్టు. ఫోన్ జరిగితే బీమూ జరుగుతుంది.”

“అయితే ఈమె మాట్లాడిస్తా ఉండాలి.”

“అవునండీ.” ఆ మాట అన్నాక ఉపేంద్రకు తన మీద తనకే అసహ్యం వేసింది.

తిరుపతమ్మ ఫోన్ చేసి చెవికి ఆనించుకుంది.

“నాయనా, నేనేరా. అన్నం తిన్నావా?”

స్పీకర్ పెట్టమని ధనుంజయరావు సైగ చేశాడు. ఆమె ఫోన్‌కు అరచెయ్యి అడ్డం పెట్టింది. “స్పీకర్ పెడితే కనిపెడతాడన్నా. ఒకసారి పెట్టేశాడంటే మళ్ళీ ఎత్తడు.”

నిజమేననిపించింది ఆయనకు.

ఉపేంద్ర లాప్‌టాప్ మీద విసనకర్రలా పరుచుకున్న గీతల్లో ఒకటి వెలిగింది. “ఉత్తరం వైపండీ,” అన్నాడు ఉపేంద్ర. “అటు మూసేసిన సున్నపురాయి క్వారీ తప్ప ఇంకేం లేదుగా, అక్కడే.”

ధనుంజయరావు తన ఫోన్ తీశాడు. “ఒరేయ్ సందీపూ, వాడు కోర్టుకి రావట్లేదురా. ఈడే క్వారీ గదిలో నక్కి ఉండాడు. క్వారీకి దారులు చానా ఉండయ్, ఇద్దరితో అయ్యేది కాదు. కోర్టు గేటు కాడ ఉండోళ్ళు అందరూ వచ్చెయ్యండి. గొడ్డళ్ళు బండ్లోనే ఉండయ్‌గా?”

గొడ్డళ్ళ మాట తిరుపతమ్మ చెవిన పడింది. ఫోన్ పెట్టెయ్యమ్మా, పెట్టెయ్ అని లోపల్లోపల మొత్తుకున్నాడు ఉపేంద్ర.

ఆమె పెట్టలేదు.

“దగ్గు తగ్గిందా నాయనా? ఊఁ... ఊఁ... పొగాకు కాల్చే బేరన్ దగ్గర పడుకోమాకని ఎన్నిసార్లు చెప్పా. గోంగూర పచ్చడి నూరి పంపించాగా, తిన్నావా? చిక్కిపోయి ఉంటావు. ఊఁ...”

అలా ఎంతసేపు మాట్లాడిందో. మధ్యలో ధనుంజయరావు ఆమె తల నిమిరాడు కూడా. ఆ చెయ్యి చూడలేకపోయాడు ఉపేంద్ర.

చూపు తిప్పుకుని స్క్రీన్ వంక చూశాడు. అదే గీత వెలుగుతోంది. ఫోన్‌లో మాట్లాడే మనిషి కుదురుగా ఉండడు. లేస్తాడు, తిరుగుతాడు, ఈ చెవి నుంచి ఆ చెవికి మారుస్తాడు. అలా చేసినప్పుడల్లా బీమ్ పక్కదానికి మారుతూ ఉంటుంది. ఇది ఒక్కసారి కూడా మారలేదు. ఉపేంద్ర ఒళ్ళు జల్లుమంది. మెల్లగా తలెత్తి తిరుపతమ్మ వైపు చూశాడు. ఆమె కూడా అతని వైపే చూస్తోంది.

“ఏందయ్యా, కదిలాడా?”

“లేదండీ,” అన్నాడు ఉపేంద్ర. “అక్కడే ఉన్నాడు.”

దూరంగా క్వారీ దారిలో తెల్లటి దుమ్ము లేచింది. ఒకదాని వెనక ఒకటి బండ్లు. ధనుంజయరావు కుర్చీ అంచుకు జరిగి ఫోన్ చెవికి గట్టిగా నొక్కుకున్నాడు. అటునుంచి తలుపు మీద గొడ్డలి దెబ్బలు వినిపిస్తున్నాయి.

“దొరికాడా రా?”

పగిలిన తలుపు వెనక మనిషి లేడు, మోగితే దానంతటదే ఎత్తుకునేలా కిటికీలో పెట్టిన ఫోనొకటి “అన్నం తిన్నావా నాయనా” అని తిరుపతమ్మ గొంతుతో అడుగుతోంది, తేజ మాత్రం కాపలా లేని గేటు దాటి అప్పటికే గురజాల కోర్టులో బోనెక్కాడు.