తలుపు వేసే ముందు

నాన్న ఆసుపత్రి మంచం మీద లేచి కూర్చుని, తన దుప్పటి నా భుజాల చుట్టూ తిప్పి గట్టిగా బిగించారు.

"ఊపిరాడుతోందా? వదులుగా ఉంటే పైకెళ్ళాక నన్నే తిట్టుకుంటారు," అన్నారు నవ్వుతూ.

అంతరిక్షంలోకి వెళ్ళేవాళ్ళను నౌకలో కూర్చోబెట్టి, పట్టీలు బిగించి, తలుపు వేసి వచ్చే ఉద్యోగం ఆయనది. ఏ ఫొటోలోనూ ఆయన కనిపించరు.

"నాన్నా, నేను. మీ పెద్దమ్మాయిని."

వినిపించుకోలేదు.

"ఊరుకో అక్కా, కాదంటే ఆయాసపడతారు," అన్నాడు తమ్ముడు.

ఇక దేవుణ్ణి తలుచుకోండని డాక్టరు చెప్పి వెళ్ళారు. నేను రోజూ చేసుకునే ప్రార్థనే, ఎంత ప్రయత్నించినా నోటికి రాలేదు.

నాన్న నా వైపు వంగారు. తలుపు వేసే ముందు ప్రతివాళ్ళనీ అడిగే మాటే, గొంతు తగ్గించి నన్నూ అడిగారు.

"ఇంట్లో ఎవరికైనా ఏమైనా చెప్పాలా అమ్మా?"

"మా నాన్నకి చెప్పండి," అన్నాను. "ఆయన నన్ను మరిచిపోయినా నేనేమీ అనుకోనని."

నాన్న నొచ్చుకున్నారు. "అవేం మాటలమ్మా! కన్నకూతుర్ని ఎవరైనా మరిచిపోతారా? నేనే స్వయంగా వెళ్ళి ఆయనతో మాట్లాడతాను. మీ ఇల్లెక్కడ?"