రెండు కుర్చీల గడ్డం

పెద్ద వరద వచ్చిన ఏడాది అది. ఆ ఏడే ఎన్నికలు కూడా.

ఒకే సెలూన్లో బావదొక కుర్చీ, బామ్మర్దిదొక కుర్చీ. మధ్యలో కొత్తగా ఒక పరదా.

బావది నిచ్చెన పార్టీ. బామ్మర్దిది గొడుగు పార్టీ.

"గట్టు తెగింది మీవాళ్లు మరమ్మతు చెయ్యకే!" అనేవాడు బావ.

"ఆనకట్ట గేట్లు ఆలస్యంగా ఎత్తింది మీవాళ్లు కాదూ? ఓట్లు అవగానే నా కుర్చీ నేను పట్టుకుపోతా" అనేవాడు బామ్మర్ది.

బావ పెళ్లాం నెత్తి కొట్టుకునేది. "ఒకడు మొగుడు, ఒకడు తమ్ముడు. నన్ను నిలువునా చీలమంటారా?"

"పోటీ చేసేవాళ్లు సొంత అన్నదమ్ములు. వాళ్లకే మాటల్లేవట, ఇక మాకెందుకే?"

అన్నాడే గానీ, ఆ కుర్చీ పోతుందంటే బావకు గుండెలో కలుక్కుమనేది. బామ్మర్దికి కత్తి పట్టడం నేర్పింది తనే మరి.

అప్పుడే ఒక ముసలాయన రావడం మొదలుపెట్టాడు. వరద తర్వాతే ఊళ్లో కనిపించాడు. ఎవరో ఎవరికీ తెలియదు.

ఎడమ చెంప బావ దగ్గర గీయించుకునేవాడు. నురగ ముఖంతోనే లేచి, పరదా ఎత్తి, కుడి చెంప బామ్మర్దికి అప్పగించేవాడు.

బావ దగ్గర గేట్ల మాట ఎత్తేవాడు. బామ్మర్ది దగ్గర గట్టు మాట.

బెంచీ మీద కూర్చున్నవాళ్లు పడీ పడీ నవ్వేవాళ్లు.

పోలింగు ముందు రోజు, ఎడమ చెంప పూర్తవగానే బావకు తిక్క రేగింది.

"ఇంతకీ నువ్వెటు పెద్దాయనా?"

"నీళ్లు రెండు దారుల్లోనూ వచ్చాయి నాయనా. ఒక చెంప చూసి ముఖమంతా ఇంతే అంటే ఎట్లా?"

"ఎటో తేల్చుకుని రా! అందాకా మా గడప తొక్కకు."

"నా కుర్చీలోకీ రావద్దు!" పరదా అవతలి నుంచి బామ్మర్ది.

ఆ నెలంతా వాళ్లిద్దరూ ఒక్క మాట మీద నిలబడింది అప్పుడే.

ముసలాయన నవ్వాడు. నురగ తుడుచుకుని, సగం గడ్డంతో వీధిలోకి వెళ్లిపోయాడు.

ఇంట్లో బావ సగం అన్నంలోనే లేచి చెయ్యి కడిగేశాడు.

"కత్తి పట్టినవాళ్లు మనిషిని సగం ముఖంతో పంపుతారా? ఎంత నిర్వాకం చేశారయ్యా!" అంది పెళ్లాం.

మర్నాడు పొద్దున్నే గిన్నె, కత్తి తీసుకుని బయల్దేరాడు. సందు మలుపులో బామ్మర్ది ఎదురయ్యాడు, చంకలో తువ్వాలుతో.

"ఎక్కడికి బావా?"

"నువ్వెక్కడికో నేనూ అక్కడికే, పదరా!"

ముసలాయన ఓట్ల క్యూ దగ్గర దొరికాడు. అక్కడే అరుగు మీద కూర్చోబెట్టారు.

"కుడి చెంప నీదేగా, గియ్యరా."

"నువ్వే గియ్యి బావా. నేను దవడ పట్టుకుంటా."

గిన్నె పట్టేవాళ్లు లేరు. క్యూలోంచి ఇద్దరు పరుగున వచ్చారు. ఒకాయన గిన్నె అందుకున్నాడు, ఇంకొకాయన తువ్వాలు పట్టాడు.

బావ తలెత్తి చూశాడు. నెల రోజులుగా గోడల మీద ఎదురెదురుగా అంటించి ఉన్న ముఖాలే, ఒకటి నిచ్చెనది, ఒకటి గొడుగుది.

"కదలకు నాన్నా, తెగుతుంది!" అన్నారు ఆ అన్నదమ్ములిద్దరూ ఒక్కసారే.